వంటామె నవలకు నేనిచ్చిన తీర్పు

నా నోరు మంచిది కాదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. నా చెయ్యి అంతకన్నా చెడ్డదని కాలనీకి వచ్చాక తెలిసింది.

రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున థర్మల్ కాలనీ. మూడో యూనిట్ పని నడుస్తున్న రోజులు. నేను ప్లాంటు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. చెవులకు హెడ్‌సెట్, ముందు బోర్డు, ఒళ్ళో నవల. బాయిలర్ వాళ్ళు బొగ్గు వాళ్ళను అడుగుతారు, బొగ్గు వాళ్ళు రైల్వే వాళ్ళను అడుగుతారు, మధ్యలో నేను తీగ గుచ్చి వదిలేసి, హంతకుడెవడా అని పేజీ తిప్పుతాను. పుట్టింది రాయచూరు ఊళ్ళోనే. బడి చదువంతా కన్నడం. తెలుగు అక్షరాలు మా అమ్మ చాటలో బియ్యప్పిండి పోసి వేలితో దిద్దించింది. బడిలో ఎవరూ నేర్పని అక్షరాలు కాబట్టి అవి నా సొంత ఆస్తి అన్నంత మిడిసిపాటు నాకు.

కాలనీలో అద్దెపుస్తకాల దుకాణం ఒక్కటే ఉండేది. నడిపే పెద్దాయన మా రాయచూరు మనిషే. నాలుగు అరలు: అపరాధ పరిశోధన, థ్రిల్లర్లు, ప్రేమ నవలలు, చారిత్రకాలు. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట వేసి, చివర ఒక తెల్లకాగితం కలిపి కుట్టేవాడు. చదివినవాళ్ళు తిరిగి ఇచ్చేముందు దాని మీద తమ అభిప్రాయం రాయాలి. అది ఆ దుకాణం ఆచారం. అందరూ 'బాగుంది', 'పరవాలేదు' అని గీకి ఇచ్చేసేవాళ్ళు. నేను మాత్రం తీర్పు రాసేదాన్ని. తీర్పు కింద 'మచ్చుకు' అని పెట్టి, ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా చెత్తగా తోచిన మూడు ముక్కలు ఎత్తి రాసేదాన్ని. ఇంటికి వెళ్ళాక ఆ తీర్పునూ ఆ మచ్చునూ ఒక నోటుబుక్కులోకి దించుకునేదాన్ని. నా రాత మీద నాకంత మోజు.

ఒక ప్రేమ నవల వెనక ఇలా రాశాను: 'ఈ పిల్ల కళ్ళు నలభై పేజీల్లో పదకొండుసార్లు చెమర్చాయి. ప్రేమ సంగతి తర్వాత, ముందు కంటి డాక్టరుకు చూపించండి.' ఒక థ్రిల్లర్ వెనక: 'హీరో మూడు రోజులు పరుగెత్తాడు. తిన్నది లేదు, తాగింది లేదు, ఒక్కసారి పక్కకు వెళ్ళింది లేదు. విలన్ కాస్త ఓపిక పడితే వీడు తనంతట తానే చచ్చేవాడు.' ఒక చారిత్రక నవల వెనక: 'రాజుగారి గుర్రానికి నాలుగు పేజీలు, కత్తికి మూడు, రాణిగారి నడుముకు ఆరు. ఇంతకీ ఈ రాజ్యంలో వంట ఎవరు చేస్తారు?' ఈ చివరి తీర్పును గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

అపరాధ పరిశోధన నచ్చకపోతే వెనక రాయడం దాకా ఆగేదాన్ని కాదు. మొదటి పేజీలోనే పెన్సిలుతో 'తోటమాలి చంపాడు, ఇక మీరు హాయిగా ఉండొచ్చు' అని రాసేదాన్ని. స్టోర్సులో పనిచేసే ఒక పెద్దమనిషి గుండె ఆపరేషన్‌కి హైదరాబాదు వెళుతూ ఆస్పత్రిలో కాలక్షేపానికి మూడు డిటెక్టివ్ నవలలు తీసుకెళ్ళాడు. మూడింటికీ మొదటి పేజీలో నా చేతిరాత. తిరిగొచ్చాక దుకాణంలో నన్ను చూసి, డాక్టర్లు కోసిన కోత మానింది గానీ మీరు కోసింది మానలేదమ్మా అన్నాడు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. నేను మాత్రం వారం రోజులు ఆ మాట అందరికీ చెప్పుకుని నవ్వాను.

జనానికి అదే కావలసివచ్చింది. పుస్తకం కోసం కాదు, వెనక ఎక్స్చేంజి మేడమ్ ఎవర్ని ఏం తిట్టిందో చూద్దామని అద్దెకు తీసుకునేవాళ్ళు మొదలయ్యారు. పెద్దాయన కొత్త పుస్తకం రాగానే ముందు నాకు పంపేవాడు. నాకొక లెక్క ఉండేది: ఏ నవలైనా మొదటి పదిహేను పేజీలు, ఆఖరి పేజీ చదివితే చాలు, దాని బతుకు బయటపడుతుంది. చాలా నవలల విషయంలో అది నిజమే కూడా. అందుకే ఆ అలవాటు నన్ను అంతగా చెడగొట్టింది.

నా మంట ముదరడానికి ఒక కారణం ఉంది, దాన్ని కూడా చెప్పాలి. కాలనీలో తెలుగువాళ్ళు రెండు రకాలు. మాలాంటి పాత రాయచూరు వాళ్ళం కొద్దిమందిమి. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు, సింధనూరు వైపు తుంగభద్ర కాలువ కింద కోస్తా రైతులు వలస వచ్చి వేసుకున్న క్యాంపుల్లో పుట్టినవాళ్ళు ఎక్కువ. ఒకసారి లేడీస్ క్లబ్బులో జొన్నరొట్టె ఎలా చేస్తారో చూపించమని నన్ను నిలబెట్టారు. పిండి చేతిలోకి తీసుకుని, గిట్ల తట్టాలె, గట్ల తిప్పాలె అన్నాను. ఒకావిడ పకపకా నవ్వింది. ఇంకొకావిడ మళ్ళీ ఒకసారి అనండి అని అడిగింది, చిలకను అడిగినట్టు. తిక్కగా మళ్ళీ అన్నాను. గది మొత్తం నవ్వింది. వాళ్ళ నవలల్లో కూడా మా మాట మాట్లాడేవాళ్ళు గేటు దగ్గర వాచ్‌మన్, అంట్లు తోమే మనిషి, తాగి పడిపోయేవాడు. ఆ రోజు నుంచి కాలనీ ఆడవాళ్ళతో నేను పుస్తకం తెలుగే మాట్లాడాను. ఆ నవ్విన వాళ్ళలో ఒక్కరినీ ఏమీ అనలేక, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, చేతికొచ్చిన పుస్తకాన్నల్లా ఇంకా కసిగా చీల్చాను.

అలాంటి రోజుల్లో పెద్దాయన ఒక మధ్యాహ్నం ఎక్స్చేంజికి తానే వచ్చి నా బల్ల మీద ఒక కట్ట పెట్టాడు. ఖాకీ అట్ట, చివర తెల్లకాగితం, అన్నీ దుకాణం పద్ధతిలోనే ఉన్నాయి. తెరిస్తే అచ్చు లేదు, చేతిరాత. కంట్రోల్ రూములో వాడి పారేసిన లాగ్ షీట్ల వెనక పక్క రాసిన నవల. ముందు పక్క బాయిలర్ ఉష్ణోగ్రతలు, వెనక పక్క ముదగల్ కోట.

రాసింది ఒక బాయిలర్ ఆపరేటర్ భార్య. తుర్విహాళ దగ్గర క్యాంపు పిల్ల. రెండేళ్ళు పిల్లలు బడికి వెళ్ళాక కూర్చుని రాసిందట. ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది, ఇంకా తొమ్మిది రోజుల గడువు ఉంది. ఆమె మొగుడికి ఇదంతా నచ్చదు. చదువు తెలిసినవాళ్ళు ఎవరైనా బాగుందంటే తానే పోస్టులో వేసి వస్తానన్నాడు. బాలేదంటే ఇక ఇంట్లో కలం ముట్టకూడదన్నాడు. చదువు తెలిసినవాళ్ళంటే కాలనీలో నేనే అని ఇద్దరూ ఒప్పుకున్నారట. ఉన్నది ఒకటే ప్రతి.

"ఆయన గట్ల షర్తు పెట్టిండు బిడ్డా," అన్నాడు పెద్దాయన. "జర చూసి రాయి. పాపం, గామె పానమంత దీంట్లనే పెట్టుకున్నది."

అంతా విన్నాను. నాకు తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేకుండా ఆయన అన్నీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చదవడం మొదలుపెట్టాను. మా వైపు పాత ముదగల్ కోటలో ఫిరంగులు కాల్చేవాళ్ళకు రొట్టెలు చేసే ఒక వంటామెతో కథ మొదలైంది. తొమ్మిదో పేజీలో ఆ వంటామె కొత్తగా వచ్చిన పిల్లకు రొట్టె నేర్పుతుంది. 'గిట్ల తట్టాలె, గట్ల తిప్పాలె' అంటుంది.

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ రోజు క్లబ్బులో ఈమె కూడా ఉందన్నమాట. నవ్వి ఊరుకోకుండా ఇంటికెళ్ళి రాసిపెట్టుకుంది. మాట నాది, వేళాకోళం తనది, పైగా దాన్ని పత్రికకు పంపి ఆంధ్రదేశమంతా నవ్విస్తుంది. మా మాట వాళ్ళ చేతి కలంలోంచి వస్తే వెక్కిరింపుగా తప్ప ఇంకోలా రాగలదని నాకు తోచనే లేదు. ఎక్కడా చూసి ఉంటే కదా. పదిహేనో పేజీ దాకా చదివాను, ఆఖరి పేజీ తిప్పాను. ఎప్పుడూ పెన్సిలుతో రాసేదాన్ని, ఆ రోజు పెన్ను తీసుకున్నాను.

'ఈమెకు వంట వచ్చు, రాయడం రాదు. పొయ్యి దగ్గరే ఉంటే ఒక ఇల్లు బాగుపడుతుంది, కలం వదిలిపెడితే అందరి ఇళ్ళూ బాగుపడతాయి.'

కింద మచ్చుకు మూడు ముక్కలు ఎత్తి రాశాను. నోటుబుక్కులోకి దించుకుని, రెండుసార్లు పైకి చదువుకుని, చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

మర్నాడు డ్యూటీకి ఆ కట్టను వెంట తీసుకెళ్ళాను, దారిలో దుకాణంలో ఇచ్చేద్దామని. దుకాణం ఇంకా తెరవలేదు. ఎక్స్చేంజిలో వేరే పుస్తకం లేదు. ఊరికే ఉండలేక పదహారో పేజీ తిప్పాను. తర్వాత ఆ రోజు నేను ఎవరికి ఎవర్ని కలిపానో నాకు తెలియదు. బొగ్గు వాళ్ళను అడిగితే ఆస్పత్రికి కలిపానని రెండుసార్లు తిట్లు తిన్నాను. ఆ వంటామె ఊరికే వచ్చిపోయే మనిషి కాదు, కథంతా ఆమెదే. రాజులు మారతారు, జెండాలు మారతాయి, ఆమె మాత్రం ప్రతి పొద్దూ పిండి తడుపుతుంది. నూరు పేజీల తర్వాత ఒక చోట సర్దారు ఇంటి ఆడవాళ్ళు ఆమె మాట విని నవ్వుతారు, మళ్ళీ అనమంటారు. ఆమె అంటుంది. ఆ నవ్విన ఆడవాళ్ళ మధ్య నవ్వని ఒక చిన్న కోడలు తల దించుకుని, రాత్రంతా సిగ్గుతో నిద్రపోదు. ఆ కోడలు ఎవరో నాకు అర్థమైంది. ఏ అచ్చు పుస్తకంలోనూ నా మాటకు అంత మర్యాద నేను చూడలేదు. హెడ్‌సెట్ తీసేసి ఏడ్చాను. అబద్ధం దేనికి, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఏడ్చాక చివరి తెల్లకాగితం తిప్పి నా తీర్పు చదివాను. చించేయడం ఒక్క నిమిషం పని. కుట్టు దగ్గర గోరు పెట్టి లాగితే వచ్చేస్తుంది, ఇంకో కాగితం అంటిస్తే ఎవరికీ తెలియదు. గోరు పెట్టాను కూడా. కానీ ఆ రెండు వాక్యాలు నేను అంతవరకు రాసిన వాటన్నిటిలోకీ మేలైనవి. తూకం కుదిరింది, దెబ్బ సూటిగా ఉంది, కాలనీ ఏడాది పాటు చెప్పుకుంటుంది. నవల బాగుంది, నిజమే. కానీ తీర్పు నాది. గోరు తీసేశాను.

సాయంత్రం దుకాణంలో ఇచ్చాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వెనక కాగితం చదివాడు. చదివి నా మొహంలోకి చూశాడు.

"మొత్తం సదివినవా?" అన్నాడు.

నేను పుస్తకాల అర వైపు తిరిగి, కొత్తవి ఏం వచ్చాయని అడిగాను.

మూడు రోజుల్లో ఆ రెండు వాక్యాలు కాలనీ అంతా తిరిగాయి. ఆమె మొగుడు క్యాంటీన్‌లో వాటిని పైకి చదివి, నేను మొదటి నుంచీ అదే చెబుతున్నా అన్నాడట. షిఫ్టు దిగుతున్నవాళ్ళు నన్ను చూసి, మేడమ్, పొయ్యి దగ్గర ఉంటే మంచిదన్నారట గదా అని నవ్వారు. నేనూ నవ్వాను.

అయిదో రోజు ఆమె మా క్వార్టరుకు వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, అందులో గోంగూర పచ్చడి. సన్నటి మనిషి. పాత చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కాళ్ళకంటిన ప్లాంటు బూడిద మెట్టు మీద తుడుచుకుని మరీ లోపలికి వచ్చింది. కూర్చోమన్నాను. పుస్తకం తెలుగులోనే అన్నాను.

"మొత్తం చదివారాండీ?" అని అడిగింది.

చదివానంటే బాగుందని ఒప్పుకోవాలి. బాగుందని ఒప్పుకుంటే, తెలిసి తెలిసి ఎందుకు రాశావని అడిగితే చెప్పాలి.

"పదిహేను పేజీలు చదివాను," అన్నాను. "అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు."

ఆమె డబ్బా మూత సరిచేసి బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఏదో చారిత్రక నవల వెనక, ఈ రాజ్యంలో వంట ఎవరు చేస్తారు అని నేను రాసింది చదివిందట. ఆ ప్రశ్న వదలక, ముదగల్‌లో చుట్టాలింటికి వెళ్ళినప్పుడల్లా కోటలో తిరిగి, పొయ్యిలు ఎక్కడ ఉండేవో వెతికిందట. ఆ వంటామె ఎలా మాట్లాడుతుందో మాత్రం తెలియలేదు. క్లబ్బులో నేను రొట్టె చేసిన రోజున తెలిసింది.

"అందరూ నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయిందండీ. ఆ రోజు ఏమీ అనలేకపోయాను. అందుకే రాశాను," అంది. "ఇంకా నాలుగు రోజులుందండీ. మా వారితో ఒక్క మాట చెప్పండి. బాగుందని వద్దు. పూర్తిగా చదవలేదు, చదివితే బాగుంటుందేమో అనండి చాలు."

ఇంతకన్నా తక్కువ నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. సరేనందామనుకున్నాను. కాలనీ మొత్తం నా ముందు నిలబడి, ఏం మేడమ్, మాట మార్చారట గదా అంటున్నట్టు అనిపించింది.

"రాసింది రాశాను," అన్నాను. "మార్చడం నాకు అలవాటు లేదు."

ఆమె లేచింది. మంచిదండీ అంది. డబ్బా రేపెప్పుడైనా పంపించండి అంది. ఆ పచ్చడి చాలా బాగుంది. ఆ మాటైనా డబ్బాతో పాటు చెప్పి పంపలేదు.

గడువు దాటిన మరుసటి వారం దుకాణానికి వెళితే పెద్దాయన తల ఎత్తకుండా పుస్తకం కుడుతున్నాడు.

"నీళ్ల పొయ్యిల పెట్టిందంట," అన్నాడు. "కాయితం కాయితం."

ఆ రోజు ఆయన కుట్టిన పుస్తకానికి చివర తెల్లకాగితం లేదు. ఆ తర్వాత కుట్టిన దేనికీ లేదు. తీర్పులు రాసే చోటు పోయింది గనక నేను మానేశాను. పశ్చాత్తాపంతో మానేశానని ఎవరైనా అనుకుంటే, నేను అంత మంచిదాన్ని కాదు.

ఎక్స్చేంజిలోకి యంత్రాలు వచ్చాయి, నన్ను ఉత్తరాలు పంపే సెక్షన్‌లో వేశారు. పెద్దాయన పోయాడు, దుకాణంలో మొబైళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. నేను రిటైరై క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు అటక మీద నోటుబుక్కు దొరికింది. తిరగేస్తుంటే నా తీర్పులు ఒకప్పుడు అంత నవ్వు ఎందుకు తెప్పించాయో అర్థం కాలేదు. ఆ పేజీకి వచ్చాను. నా రెండు వాక్యాలు దాటి, కింద మచ్చుకు ఎత్తి రాసిన మూడింటినీ చదివాను. మూడు వందల పేజీల నవలలో ఈ భూమ్మీద మిగిలినవి అవే. వెక్కిరించడానికి నా చేత్తో నేను దాచినవి.

వాళ్ళు తుర్విహాళ దగ్గర క్యాంపుకు వెళ్ళిపోయారని విన్నాను. రాయచూరులో సింధనూరు బస్సు ఎక్కి, అక్కడ మారి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి బయలుదేరాను. ఆమె వరండాలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. జుట్టు తెల్లబడింది. ఎక్స్చేంజి మేడమ్ కదండీ అని వెంటనే గుర్తుపట్టింది, పీట వేసింది, మా ఆయన చేలోకి వెళ్ళారండీ అంది. మొహంలో కోపం కోసం వెతికాను. లేదు. కోపం ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఇప్పుడు ఏమైనా చదువుతున్నారా అని అడిగాను. చదవడం మానేసి చాలా ఏళ్ళయిందండీ, కళ్ళు కూడా ఆనవు అంది. అయితే నేను చదువుతాను వినండి అని నోటుబుక్కు తీశాను. నా తీర్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కింది వాక్యాలు చదివాను.

'ఫిరంగి పేలినప్పుడల్లా ఆమె రొట్టె తిప్పింది. రొట్టె మాడుతుందేమోనని ఒక భయం, తినేవాడు తిరిగి రాడేమోనని ఒక భయం.'

'రాజు మారిండంట అన్నడు నీళ్లు మోసేటోడు. మారనియ్యి, జొన్నలు గవ్వేనా, మంచివి తెచ్చిండా అన్నది.'

'కోట తలుపులు తెరుచుకున్నప్పుడు అందరూ పరుగెత్తారు. ఆమె ముందు పొయ్యి ఆర్పి, తర్వాత లేచింది.'

బియ్యంలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. మధ్యది మళ్ళీ చదవండి అంది. చదివాను. ఆమె నవ్వింది. అంత విప్పారిన మొహం ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎంత బాగుందండీ," అంది. "ఎవరు రాశారు?"

పుస్తకం తెలుగు నోటికి రాలేదు.

"మీరే రాసిన్రు," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత నా చేతి కింద ఉన్న పేజీ వైపు చూసింది. మొహంలో ఆ వెలుగు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. నేను చూస్తూ కూర్చున్నాను.

"అయితే బాగుండదు లెండి," అంది.

చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. టీ పెడతాను, మీ బస్సుకు ఇంకా గంట ఉంది అంది. నేనిచ్చిన తీర్పులన్నిటిలో ఇప్పటికీ చెల్లుతున్నది ఆ ఇంట్లో ఉన్న ఆ ఒక్కటే.